ఓదెమ్మ దిబ్బ

అనగనగా, ఎప్పుడో పాత రాజుల కాలంలో, ఒక నల్లరాతి గుడి కట్టారు. ఆ గుడి ఇప్పటికీ ఉంది. స్తంభాల్లో మొహం చూసుకోవచ్చు. గోడల చుట్టూ ఏనుగులు ఒకదాని వెనక ఒకటి నడుస్తూనే ఉంటాయి. అంత అందమైన గుడి ఇంకొకటి లేదు. కట్టించిన రాజు పేరు లోపల చెబుతారు. చెక్కిన శిల్పి పేరూ లోపలే చెబుతారు. మట్టి మోసిన ఓదెమ్మ పేరు మాత్రం బయట చెబుతారు.

అంతంత రాళ్ళు పైకెలా ఎక్కాయంటారా? మట్టితో ఎక్కాయి. గోడ ఒక వరుస లేస్తే లోపల అంత ఎత్తునా మట్టి నింపేవాళ్ళు. దాని మీదుగా పై వరుస రాళ్ళు లాగేవాళ్ళు. కప్పు పడేసరికి గుడి నిండా మట్టే. ఆ మట్టి తీసేస్తే మిగిలేది గుడి.

ఓదెమ్మ మట్టిపని చేసే ఉప్పరి ఇంటి కోడలు. తట్ట నింపేది, నెత్తికెత్తేది, నడిచేది. ఒకనాడు గర్భగుడి మీదికి లాగుతున్న రాతిదూలం జారి ఆమె మొగుడి మీద పడింది. అతని నెత్తురు అక్కడి మట్టిలోనే ఇంకింది.

పని పెత్తనమంతా మాచనయ్యది. ఓదెమ్మ ఆయన దగ్గరికి వెళ్ళింది.

"అయ్యా, ఆయన పోయిన చోట ఒక్క దీపం పెట్టుకుంటాను."

"పెట్టుకుందువు గానిలేవే. ముందు కప్పు పడనీ."

తట్ట నింపింది, నెత్తికెత్తింది, నడిచింది. కప్పు పడింది. మళ్ళీ అడిగింది.

"లోపలంతా మట్టే కదే, దీపం నా నెత్తిన పెడతావా? ముందు మట్టి తియ్యండి."

తట్ట నింపింది, నెత్తికెత్తింది, నడిచింది. గర్భగుడిలో చివరి తట్ట కూడా తనే మోసింది. మళ్ళీ అడిగింది.

"ఇన్నాళ్ళు ఆగినదానివి, ప్రతిష్ఠ దాకా ఆగలేవా?"

ఆగింది. ప్రతిష్ఠ అయింది. తలస్నానం చేసి, ప్రమిదలో నూనె పోసుకుని వచ్చింది. గడప దగ్గర మాచనయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎక్కడికే?"

"లోపలికయ్యా. మీరే అన్నారుగా."

"అన్నాను. అప్పుడది మట్టి. ఇప్పుడది గుడి. మీ కాలు పడితే మైల."

"నా కాలు పడని చోటు లోపల ఎక్కడుందో చూపించయ్యా. అక్కడ మాత్రం తొక్కనులే" అంది ఓదెమ్మ.

జనం కిసుక్కున నవ్వారు. మాచనయ్య నవ్వలేదు. తలుపులు వేయించాడు.

తోడిపోసిన మట్టి గుడి ఎదుట దిబ్బగా ఉంది. ఓదెమ్మ దాని మీదికెక్కి దీపం పెట్టింది.

"నా మొగుడు ఇందులో ఉన్నాడు. మీ దేవుణ్ణి మీరే ఉంచుకోండి" అంది.

దిబ్బ ఎత్తి పారెయ్యమన్నాడు మాచనయ్య. ఉప్పరివాళ్ళు ఒక్కరూ తట్ట ముట్టలేదు. అతను బెదిరించాడు, బతిమాలాడు, చివరికి ఊరుకున్నాడు. కానీ వాన ఊరుకోదు కదా. ఏటేటా దిబ్బ కరిగేది. ఏటేటా ఓదెమ్మ వాగు ఒడ్డు నుంచి మట్టి తెచ్చి పోసేది. తట్ట నింపేది, నెత్తికెత్తేది, నడిచేది. అలా పోస్తూ పోస్తూనే ముసలిదైంది. ఒక వానాకాలం ఆ దిబ్బ మీదే ప్రాణం వదిలింది.

దిబ్బ కరిగిపోకుండా ఉప్పరివాళ్ళు వచ్చి తలా పిడికెడు మట్టి వేశారు. మరుసటేడూ వేశారు. అక్కడ మొక్కితే మేలు జరుగుతోందని ఎవరో అన్నారు. ఆ మాట పెద్దిళ్ళకూ పాకింది. వాళ్ళూ రావడం మొదలుపెట్టారు. అప్పుడు మాచనయ్య మనవడు దిబ్బ చుట్టూ గోడ కట్టించాడు. తలుపు పెట్టించాడు. పూజారిని పెట్టాడు. ఓదెమ్మ దేవతైంది. ఉప్పరివాళ్ళను గోడ బయటే నిలబెట్టారు.

ఇప్పటికీ తొలివాన పడగానే వాళ్ళు వస్తారు. పిడికెడు మట్టి గోడ మీదుగా లోపలికి విసురుతారు. వాళ్ళలో ముసలివాళ్ళు గోడకు నోరు ఆనించి పిలుస్తారు.

"ఓదెమ్మా, నిన్ను కూడా లోపల పెట్టేశారటే. బయటికి రావే తల్లీ!"