అడుగుబావి లోతెంత?

ఎర్రగుట్ట దిగువన, నాపరాతి గోడల ప్రార్థనా మందిరం పక్కన ఉన్నదే అడుగుబావి. బస్సు దిగిన యాత్రికులు ముందు ఈ బావి దగ్గరికే వస్తారు. వచ్చినవారందరూ వేసే ప్రశ్న ఒక్కటే: "ఇది ఎన్ని అడుగుల లోతు?" టేపు పెట్టి కొలిస్తే నలభై ఒకటి. కాని పాలెంలో ఎవరిని అడిగినా "ఒక్క అడుగే" అని నవ్వుతారు. అది వేళాకోళం కాదు. ఆ జవాబులో మా పాలెం పుట్టుపూర్వోత్తరాలన్నీ ఉన్నాయి.

పూర్వం ఇక్కడ బావి లేదు. గుట్ట కింద కొన్ని గుడిసెలు, తాటాకు కప్పిన ఒక ప్రార్థన పాక మాత్రమే ఉండేవి. నీళ్లకు పై ఊరి బావే దిక్కు. ఆ బావి గట్టు ఎక్కనిచ్చేవారు కారు. పాలెం వారు కుండలు కింద పెట్టి, దూరంగా నిలబడి, ఎవరైనా దయతలచి పోస్తారేమోనని ఎదురుచూడాలి. ఒక వేసవిలో ఆ బావి కూడా అడుగంటే స్థితికి వచ్చింది. "ఇక మీకు పోయలేం" అన్నారు పై ఊరివారు. సొంతంగా తవ్వుకునే బావిలో జల పడాలి, లేకపోతే పాలెం వదిలిపోవాలి.

జకరయ్య ఉండగా బావికేం భయం అనుకున్నారందరూ. అతడు చూపిన చోట జల పడని బావి ఆ చుట్టుపక్కల లేదు. పిడికెడు మట్టి తీసి వాసన చూసి, "ఇక్కడ" అని కాలితో గీత గీసేవాడు. ఆ గీతకు తిరుగులేదు. అయితే ఒకరిని అడగడమన్నది జకరయ్య ఒంట్లోనే లేదు. తన పెళ్లికి వెళుతూ, దారి అడగడం నామోషీ అనిపించి, మూడు ఊళ్లు చుట్టి పొద్దువాలాక పందిట్లో అడుగుపెట్టిన మనిషి. ప్రార్థనలో సైతం దేవునికి వందనాలు చెప్పేవాడే గాని, ఏదీ అడిగేవాడు కాడు.

జకరయ్య గీత గీశాడు. పాలెమంతా పలుగూ పారా పట్టింది. మట్టి పోయి రాయి వచ్చింది. తడి జాడ మాత్రం లేదు. ఒక మధ్యాహ్నం గట్టు మీద అతనికి కునుకు పట్టింది. కలలో, మోకాళ్ల దాకా దుమ్ము పట్టిన బాటసారి ఒకడు బావి అంచున నిలబడి, అతని కళ్లలోకి చూసి, "అడుగు" అన్నాడు. అంతే.

జకరయ్య ఉలిక్కిపడి లేచాడు. "ఇంకొక్క అడుగు తవ్వండి, జల ఉంది!" అని కేక వేశాడు. తవ్వారు. రాయి. మర్నాడూ అదే కల, అదే మాట. మరో అడుగు తవ్వారు. మళ్లీ రాయే. ఆ తర్వాతి రోజు కూడా అదే కల వచ్చింది. ఈసారి పలుగు మొన వంగిపోయింది.

"బావా, ఈ లెక్కన మనం పాతాళంలో తేలతాం గాని నీళ్లు మాత్రం తాగం" అన్నాడు అతని బావమరిది ఓబద్య. పలుగు పారేసి ఇంటికి పోయాడు. పాలెంలో మూటలు కట్టడం మొదలైంది. జకరయ్య ఒక్కడే బావిలోకి దిగి కూర్చున్నాడు.

భార్య రాహేలమ్మ అంబలి ముంతను తాడుకు కట్టి దించుతూ పైనుంచి అడిగింది: "ఏమయ్యా, కలలో ఆయన ఏమన్నాడన్నావు?"

"అడుగన్నాడు."

"నాతో ఎవరైనా 'అడుగు' అంటే నేను నోరు తెరిచి అడుగుతాను. నువ్వేమో పలుగు తీస్తావు! దారి అడగలేక సొంత పెళ్లికే ఆలస్యంగా వచ్చినోడివి, నీకా మాట తలకెక్కితేనా!"

జకరయ్య ముంత అందుకున్నాడు. దాన్ని పక్కన పెట్టి, మోకాళ్ల మీదికి వంగాడు. "ప్రభువా, నాకు తెలియదు. నువ్వే చెప్పు" అన్నాడు. మెల్లగానే అన్నాడు. కాని బావి ఆ మాటను దాచలేదు, పైదాకా మారుమోగించింది. మూటలు కడుతున్న చేతులు ఆగిపోయాయి. జకరయ్య నోట 'తెలియదు' అన్న మాట పాలెం వినడం అదే మొదలు. ఒకరి వెంట ఒకరు వచ్చి బావి చుట్టూ మోకరించారు. వారిలో ఓబద్య కూడా ఉన్నాడు.

ఆకాశం నుంచి ఏ స్వరమూ రాలేదు. అందరూ విన్నారని తెలిసి, జకరయ్య సిగ్గుతో నుదురు నేలకు ఆనించాడు. ఆ నిలువెత్తు మనిషి అంత కిందికి వంగినప్పుడే చెంపకు చల్లదనం తగిలింది. గుట్ట వైపు గోడ మొదట్లో, నేలకు జానెడు ఎత్తున. ఈ నేలలో గుట్ట వైపు జల ఉండదని ఎంతోమందికి చెప్పినవాడు అతడే. "నా తెలివి కాదంటోంది ప్రభువా, అయినా నీ మాట మీద తవ్వుతాను" అని, వంగిన పలుగుతోనే అక్కడ పొడిచాడు. రాయి పెళ్లగా ఊడింది. దాని వెనక నుంచి దారంలా నీరు జారింది. పొద్దుగుంకేలోపు మోకాలి లోతు నిలిచింది.

ఆ వేసవి ముదిరేసరికి పై ఊరి బావి పూర్తిగా ఎండిపోయింది. ఆ ఊరివారు కుండలతో వచ్చి, నోరు పెగలక దూరంగా నిలబడ్డారు. "మనమూ వీళ్ల కుండల్లో పైనుంచే పోద్దామా, బావా?" అని ఓబద్య చెవిలో గొణిగాడు. జకరయ్య చేద తాడు తీసుకెళ్లి ఆ ఊరి పెద్ద చేతిలో పెట్టాడు.

"గట్టెక్కి మీరే తోడుకోండి అయ్యా. అడగడం ఎంత కష్టమో నాకు తెలుసు" అన్నాడు.

నేడు బావికి రాతి మెట్లున్నాయి. యాత్రికులు వాటి మీదుగా దిగి, గుట్ట వైపు రాతికి నుదురు ఆనించి, "నాకు తెలియదు ప్రభువా, నువ్వే చెప్పు" అని అడుగుతారు. పైనున్నవారికి వినబడేలా అడగాలన్నది ఇక్కడి కట్టుబాటు. పరీక్షకు వెళ్లే పిల్లలు, సంబంధం ఖాయం చేసుకోబోయే పెద్దలు ఇక్కడికి వచ్చి అడిగి వెళతారు. మా సంఘానికి వచ్చే ప్రతి పాస్టరు గారూ మొదటి ప్రసంగానికి ముందు ఈ మెట్లు దిగవలసిందే. 'తెలియదు' అన్న మాటను ఇంత గర్వంగా చెప్పుకునే పాలెం మాదే.

జవాబు అప్పటికప్పుడే రాకపోవచ్చు. ఆయన మీద భారం వేసి, నుదుటి తడి తుడుచుకోకుండా పైకి రండి. ఏ ఊరని, ఎవరివారని అడగకుండా మీ చేతికి చేద తాడు అందించేవారు గట్టు మీద ఎప్పుడూ ఉంటారు. కడుపారా నీళ్లు తాగి, బావి లోతెంతో వారినే అడగండి.