నూకలు ముందున్నా కోడి నేల గీకేదెందుకు?

ఒకప్పుడు కోళ్లకు నేల గీకడమే తెలీదర్రా. కాళ్లున్నవి నడవడానికే అనుకునేవి. అబ్బో, మహా నాజూకు!

ఆ రోజుల్లో కొండమీద ఒక గూడెం. దాని పక్కనే వెదురుపొద కింద ఒక కోడిపెట్ట గుడ్లు పొదుగుతోంది. ఎండలు మండిపోతున్నాయి. ఎక్కడ చూసినా ఎండుటాకే. ఇప్పపూలు రాలే కాలం అది. పూలు ఏరుకోవడానికి వీలుగా ఉంటుందని గూడెంవాళ్లు చెట్ల కింద ఆకుకు నిప్పు పెట్టేవాళ్లు.

ఆ ఏడు గాలి ఎక్కువగా ఉంది. కోడికి భయం వేసింది. గూడేనికి పెద్దదిక్కయిన సోములమ్మ దగ్గరికి పరుగెత్తింది.

"అవ్వా, ఈ గాలికి నిప్పు ఆగదు. ఆకు ఊడ్చేద్దాం, రా!"

"మా తాతలనాటినుంచీ పెడుతున్నామే. కోడి చెబితే మానేస్తామా?" అని నవ్వింది సోములమ్మ.

కోడి పొదకు తిరిగొచ్చింది. "గుడ్లు వదిలేసి ఎగిరిపోరాదూ?" అంది పక్క చెట్టుమీదున్న నెమలి.

కోడికి ఒళ్లు మండింది. "నువ్వెగురు తల్లీ! నా పిల్లలకింకా రెక్కలు రాలేదు. నేను కదలను."

కదలనంది గానీ ఊరికే కూర్చోలేదు. కాసేపు గుడ్లు పొదిగేది. అవి చల్లారేలోపు వచ్చేలా దిగి, కాళ్లతో ఆకంతా గీకి వెనక్కి తోసేది. పొద చుట్టూ గీకింది. గూడెం అంచునా గీకింది. గోళ్లు అరిగి నెత్తురొచ్చింది.

"పిచ్చి పట్టిందా?" అంది నెమలి.

"ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వమంటావా?" అని మళ్లీ గీకింది.

సోములమ్మ నిప్పు పెట్టనే పెట్టింది. గాలి దాన్ని ఎత్తుకుని గూడెంమీదికి తెచ్చింది. అవ్వ గూడెం అంచుకు పరుగెత్తింది. అంతలో కోడి గీకిన బోడినేల కనబడింది.

"చెప్తే విన్నాను కాదే తల్లీ! ఒరే, చీపుళ్లు తెండ్రా! కోడి గీకినచోటే ఇంకా వెడల్పు చెయ్యండి!"

అందరూ ఊడ్చారు. నిప్పు వచ్చి బోడినేల దగ్గర ఆగింది.

"నాకు తిండేదీ?" అని బుసకొట్టింది.

"ఇక్కడ నీకు పెట్టేవాళ్లు లేరు, పో!" అంది కోడి.

నిప్పు ఆకలితో చచ్చిపోయింది. కోడి పరుగున వెళ్లి గుడ్లకు చెవి ఆనించింది. లోపల టక్ టక్! కోడి ఏడ్చేసింది.

ఆ ఏటినుంచి గూడెంవాళ్లు ఇప్పచెట్ల కింద ఊడుస్తారే గానీ నిప్పు పెట్టరు. కోడి మాత్రం పిల్లలకు మొదట నేర్పింది తినడం కాదు. "ముందు గీకండి, తర్వాతే తిండి," అంది.

అప్పటినుంచే కోడి నేల గీకుతోంది. చాటలో నూకలు పోసిపెట్టినా, అందులోకెక్కి గీకి ఇల్లంతా చిమ్ముతుంది. తిట్టకండి. నిన్న గుడ్డులోంచి వచ్చిన పిల్ల కూడా, నిప్పంటే ఏమిటో తెలీకపోయినా, ముందు గీకాకే తింటుంది.