తోళ్ళమెట్ట: రాజు తప్పులు పాతిన చోటు

యూదయ కొండల నడుమ, బార్లీ చేల లోయకు ఎగువన తోళ్ళమెట్ట అనే క్షేత్రం ఉంది. గంటసేపు కాలినడకన ఎక్కాలి. పైన గోపురమూ లేదు, విగ్రహమూ లేదు. ఒక రాతి గది, నేలమీద చాప, సిరాబుడ్డి, అంతే. ఇంత ఆయాసపడి వచ్చింది దీనికోసమా అని కొత్తవారు మొహమొహాలు చూసుకుంటారు. వారు ముందు ఈ కథ వినాలి.

పూర్వం ఇక్కడ ఎల్యాసాపు అనే వృద్ధ లేవీయుడు ధర్మశాస్త్రపు మూలప్రతిని కాపాడుతూ ఉండేవాడు. దేవుని సేవకు అంకితమైన లేవీయులకు సొంత పొలం ఉండదు. లోయ రైతులు పెట్టిన రొట్టెతోనే అతని కడుపు నిండేది. కొత్త రాజు ఎవరైనా సరే, శాస్త్రాన్ని ఈ మూలప్రతి కాపరి ఎదుట కూర్చుని, తోలుమీద తన చేత్తో నకలు రాసుకోవాలి. రాజు గుర్రాలను విస్తారంగా కూడబెట్టరాదనీ, తోటివారికంటే గొప్పవాడినని విర్రవీగరాదనీ అందులో ఉంది. నకలు సరిగా ఉందని కాపరి చెప్పేదాకా గోత్రాల పెద్దలు రాజాజ్ఞను చెవిన పెట్టరు.

జిమ్రాను రాజయ్యాడు. ఐగుప్తు దేశంనుంచి వెయ్యి గుర్రాలు తెప్పించాడు. వాటి మేతకు ఈ లోయ చేలన్నీ లాక్కునేందుకు ఆజ్ఞ సిద్ధం చేసుకున్నాడు. శాస్త్రం నకలు మాత్రం ఆస్థాన లేఖకుడిచేత బంగారు అక్షరాలతో రాయించి పంపాడు. అది రాజు చేతిరాత కాదని ఎల్యాసాపు తిప్పి పంపాడు.

రాజు మండిపడుతూ సైన్యంతో తానే వచ్చాడు. గోత్రాల పెద్దలూ వెంట వచ్చారు.

"ముసలోడా, నీ తల తీయిస్తాను!"

చావంటే ఎల్యాసాపుకీ భయమే. కానీ కింద చేలలో కొడవళ్ళు పట్టుకున్న ఆడవాళ్ళు కోత ఆపి పైకే చూస్తున్నారు.

"తీయించు నాయనా. నా తల తెగినా నీకు రాత తప్పదు. కూర్చో."

నకలు లేనిదే ఆజ్ఞ చెల్లదని పెద్దలలో ఒక్కరూ పక్కకు తొలగలేదు. రాజు పళ్ళు కొరుకుతూ కూర్చున్నాడు. రాసిన తోలులో గుర్రాల మాట ఎగరగొట్టాడు. దైవనామం ఉన్న తోలును కాల్చరాదు, తొక్కరాదు. అందుకని ఎల్యాసాపు దాన్ని అందరి ఎదుట గొయ్యి తీసి పాతాడు.

"మళ్ళీ మొదటినుంచి."

రెండోసారీ అదే పని, అదే గొయ్యి. మూడోసారి రాజు తెలివి చూపాడు. గుర్రాలను 'మరీ' విస్తారంగా కూడబెట్టరాదని రాశాడు. పెద్దలు పగలబడి నవ్వారు. ఆ తోలూ మట్టిలోకే పోయింది.

నాలుగో రోజు సాయంత్రానికి, వేళ్ళు బొబ్బలెక్కి, జిమ్రాను ఉన్నది ఉన్నట్టు రాశాడు. ఎల్యాసాపు ఆ తోలును అతని చేతికే ఇచ్చాడు.

"ఇప్పుడు దీన్ని పైకి చదువు నాయనా. తరువాత చేల ఆజ్ఞ కూడా చదువు."

రాజు మొదటిది చదివాడు. రెండోది విప్పి, మొదటిదాని పక్కన పెట్టి చూసుకున్నాడు. దాన్ని అక్కడే చించాడు. గుర్రాలు వచ్చిన దారినే పోయాయి.

నేటికీ ఈ ప్రాంతంలో పదవి చేపట్టేవారు ముందు ఇక్కడికి వచ్చి, జనం ఎదుట ఈ చాపమీద కూర్చుని రాయాలి. తప్పు దొర్లితే తోలు పాతి, మళ్ళీ మొదటినుంచి రాయిస్తారు. తప్పులేకుండా రాసిన చేయి పరుల పొలంమీద పడదని భక్తుల నమ్మకం. రాయకుండా లేచిపోయేవారిని ఎవరూ ఆపరు. కిందికి దిగాక వారికి ఎవరూ దండమూ పెట్టరు.