పంక్తిలో పెద్దవాడు

భోజనానికి ముందు బీపీ నూట నలభై రెండు. తిన్న ముప్పావుగంటకు నూట ఎనిమిది. తేడా ముప్పై నాలుగు.

ఆశ్రమంలో అందరికన్నా పెద్దవాడు పానకాలయ్య. ఎనభై నాలుగేళ్ళు. నెలలో రెండుసార్లు, అన్నం తిని లేచాక కళ్ళు తిరిగి పడ్డాడు. మూడోసారి పడితే తుంటి మిగలదని డాక్టరు చెప్పాడు.

ఆ మాట విని దివాకర్ తానే బీపీ మీటరు కొనుక్కొచ్చాడు. శిష్యుల్లో అతనే చిన్నవాడు.

"నీ మీటరుకు ఆకలేసిందా అబ్బాయ్? చెయ్యి కొరికేస్తోంది" అనేవాడు పానకాలయ్య.

దివాకర్ డాక్టరును అడిగి బీపీ మాత్ర వేళ మార్పించాడు. భోజనానికి ముందు గ్లాసు నీళ్ళు తాగించాడు. మధ్యాహ్నం అన్నం సగం చేసి, మిగతా సగం నాలుగింటికి పెట్టించాడు. తేడా పద్దెనిమిదికి దిగింది.

అయినా మంగళవారం చేతులు కడుక్కోబోయి పానకాలయ్య కుళాయి దగ్గర తూలాడు. ఎవరో పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది.

దివాకర్ గురువుగారి దగ్గరికి వెళ్ళాడు.

"నా లెక్క తప్పలేదు స్వామీ. తిన్నాక అరగంట కదలొద్దని రోజూ చెబుతున్నాను. తాతే వినడు. మొండి."

"రేపు ఆ మీటరు పక్కన పెట్టి, ఆయన పక్కన కూర్చుని తిను" అన్నాడు గురువు.

మర్నాడు పంక్తిలో నలభై ఒక్క విస్తళ్ళు. పానకాలయ్యకు పళ్ళు లేవు. మెల్లగా నములుతున్నాడు. మిగతావాళ్ళ భోజనాలు అయిపోయాయి. పెద్దవాడు లేచేదాకా ఎవరూ లేవకూడదన్నది అక్కడి ఆచారం.

దివాకర్ చేతికి పప్పు ఎండి పట్టేసింది. ఇంకా గిన్నెలు తోమే పని ఉంది. తెలియకుండానే పానకాలయ్య వైపు చూశాడు.

పానకాలయ్య గబగబా చివరి ముద్ద మింగాడు.

"కాసేపు కూర్చో తాతా."

"నా మూలంగా ఇంతమంది చేతులు ఎండబెట్టుకోవాలా?" అంటూ ఆయన లేవడానికి నేలకు చెయ్యి ఆనించాడు.

ఎదురు వరసలోంచి గురువు అడిగాడు. "దివాకరూ, ఇప్పుడెంత?"

దివాకర్ రెండు వరసల పొడుగునా చూశాడు.

"ఎనభై స్వామీ."

"ఏమిటవి?"

"కళ్ళు. నావీ కలిపి."



దివాకర్ పానకాలయ్య భుజం మీద ఎడమచెయ్యి వేసి మెల్లగా కూర్చోబెట్టాడు. తన విస్తరి మడిచాడు. అందరూ చూస్తుండగా, అందరికన్నా ముందు లేవడానికి మోకాలు ఎత్తాడు.