మూడో బోల్టు

బుజ్జమ్మా, ఈ మాట ఇంతవరకూ నోరు విప్పి ఎవరికీ చెప్పలేదు. భద్రాచారి తాత కాలు నలిగింది నా వల్ల. అమ్మమ్మ ఊళ్ళో లేదుగా, ఇవాళ కథ మీ పిన్నిదే. అమ్మమ్మ చెప్పినట్టే చెప్తాను, ఊఁ కొడుతూ విను.

అనగనగా ఒక ఊళ్ళో ఒక ఇల్లు, దానికి కారు లేని కారు షెడ్డు. ఆ ఇంట్లో నాలాంటి అమ్మాయి ఒకతి. ఎవరి దగ్గరా పని నేర్చుకోలేదు. ఫోన్లో వీడియోలు చూసి స్టూలు చేసింది, అది కుంటింది. అల్మారా చేసింది, దాని తలుపు పడలేదు. అప్పుడు, షెడ్డు గోడకి గట్టిగా బిగించిన పనిబల్ల ఒకటుంటే అన్నీ కుదురుతాయనుకుంది.

పక్క వీధి భద్రాచారి తాత డెబ్భై దాటినా వడ్రంగం మానని మనిషి. ఆయన్ని పిలుచుకొచ్చింది. వీడియో చూపిస్తే నవ్వాడు.

"వాడిది గోడేనా, గోడ బొమ్మా? కనుక్కున్నావా అమ్మడూ?"

తాత పెన్సిలుతో మూడు గుర్తులు పెట్టాడు. గుర్తుకొకటి చొప్పున మూడు ఇనప యాంగిళ్ళు బోల్టులతో గోడకి బిగించాలి, వాటి మీద టేకు పలక. ఆ తర్వాత, డ్రిల్లు మోత పడదని బయట అరుగు మీద కూర్చున్నాడు. అమ్మాయి డ్రిల్లు పట్టుకుంది.

మొదటి గుర్తులో ఎర్రటి ఇటుక పొడి రాలింది. బోల్టు బిగుసుకుంది. రెండో దాంట్లోనూ అంతే. మూడో దాంట్లోంచి నల్లమట్టి రాలింది. బోల్టు ఊరికే తిరిగింది.

ఎందుకంటే అక్కడ ఒకప్పుడు గుమ్మం ఉండేది. వాస్తు బాగాలేదని, ఆ అమ్మాయి చిన్నప్పుడు, ముక్క ఇటుకలూ మట్టీ కూరి మూసేసి పైన సిమెంటు పూశారు. తాతకి ఆ సంగతి తెలీదు. అమ్మాయికి తెలుసు.

చెప్తే గుర్తులన్నీ మార్చాలి. పని మళ్ళీ మొదటికొస్తుంది. కాస్త తెల్లసిమెంటు కూరి, బోల్టు నొక్కేసింది.

"పట్టిందా అమ్మడూ?" అరుగు మీంచి అడిగాడు తాత.

"పట్టింది తాతా."

మొదటి రోజు బల్ల నిలిచింది. రెండో రోజూ నిలిచింది. మూడో రోజు, కొత్త బల్ల కదా అని, తాత ఒక తలుపు రెక్క తెచ్చి బల్ల మీద పెట్టి చిత్రిక పట్టాడు. బల్ల ఒక పక్కకి ఒరిగి, రెక్కతో సహా ఆయన పాదం మీద పడింది.

కట్టు కట్టించుకుని వచ్చి, "గుర్తు పెట్టింది నేనే. చూపు మందగించింది" అన్నాడు. అమ్మాయి మాట్లాడలేదు. "ఈ వయసులో ఇంకెందుకు మామయ్యా" అంది ఆయన కోడలు. అప్పుడూ మాట్లాడలేదు. ఆ తర్వాత ఎవరో కిటికీలు చేయించుకోడానికొస్తే, "నా చేతి మీద నాకే నమ్మకం లేదు బాబూ" అని పంపేశాడు. అమ్మాయి పక్కనే ఉంది. అప్పుడు కూడా నోరు పెగల్లేదు.

ఇవాళ తాత ఉలులూ రంపం చిత్రికా గోనెసంచిలో మూట కట్టేశాడు. రేపు పొద్దున్నే ఎవరో వచ్చి కొనుక్కుపోతారట.

"తాతకి ఇంకా తెలీదా పిన్నీ?"

"తెలీదు."

"తన చెయ్యే పాడైందనుకుంటున్నాడా?"

"ఊఁ."

"తిడతాడని చెప్పలేదా?"

"తిడితే బావుండు. తిట్టడు. అదే భయం."

బుజ్జమ్మ దుప్పటి లాక్కుంది. "రేపు పొద్దున్నంటే, చెప్పడానికి ఇంక ఇవాళేగా ఉంది" అని అటు తిరిగి పడుకుంది.

నిజమే. ఎనిమిదిన్నరే అయింది. తాత తొమ్మిదింటికి గానీ పడుకోడు.

కథేమో కంచికి,
బుజ్జమ్మేమో మంచానికి,
నేనేమో తాతకి ఫోన్ చెయ్యడానికి.