పందిట్లో ఎర్ర కార్డు

అడిగిన వెంటనే చెప్పిన జవాబు చెవి దాటి లోపలికి పోదని వేదాచలం మాస్టారి నమ్మకం. గుంటూరులో ఆయన దగ్గర కంప్యూటర్ల పని నేర్చుకునేవాళ్ళలో హైమ కంటే చురుకైన శిష్యురాలు లేదు. అంత తొందరపాటు మనిషీ లేదు.

పెళ్ళిళ్ళలో పెద్ద తెరలు కట్టే మస్తాన్‌వలీ ఆ వేసవిలో మాస్టారిని వెతుక్కుంటూ వచ్చాడు. కిందటి పెళ్ళిలో సరిగ్గా జీలకర్ర బెల్లం పెట్టే వేళకు తెర మీద బొమ్మ బిగుసుకుపోయిందట. పందిరంతా నవ్వులే. "ఇంకోసారి ఇట్టా అయితే పల్నాడులో నన్ను పిలిచేవాడుండడు మాస్టారూ. మంచి గ్రాఫిక్స్ కార్డు మీరే చూసి పెట్టాల" అని చేతులు పట్టుకున్నాడు.

తెర మీదికి బొమ్మను ఆగకుండా అందించేది ఆ కార్డే. మాస్టారు రెండింటిని హైమకు ఇచ్చి పరీక్షించమన్నారు. ఒకటి కొత్తగా వచ్చిన ఎర్రది, సన్నగా ముచ్చటగా ఉంది. రెండోది నల్లది, ఇటుకలా మొద్దుగా ఉంది. హైమ ఏసీ గదిలో, బల్ల మీద, కంప్యూటర్ డబ్బాలో బిగించకుండానే రెండింటికీ ఒకే పరీక్ష పెట్టింది. ఎర్రదానికి వచ్చిన వేగం అంకె ముందు నల్లది ఏ మూలకూ రాలేదు.

"కళ్ళు మూసుకుని ఎర్రది తీసుకో అన్నా, నాది పూచీ" అని మస్తాన్‌కు అప్పటికప్పుడే మాట ఇచ్చేసింది. మాస్టారి మొహంలో మాత్రం నమ్మకం కనిపించలేదు.

"ఏది గొప్పదో అంకె తేల్చేసింది కదా మాస్టారూ, ఇంకా సందేహమేమిటి?"

"రెంటినీ చెరో డబ్బాలో బిగించు. రెంటచింతల పెళ్ళికి మనమూ వెళదాం" అన్నారాయన.

రెంటచింతల ఎండ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. ముహూర్తం పట్టపగలు. వేదిక పక్కన బల్ల మీద డబ్బాలు పెట్టి, రెంటికీ కెమెరా కలిపి, మస్తాన్ ఎర్ర కార్డుకు తెర తగిలించాడు. అంతలో పందిరి అలంకరించేవాళ్ళు వచ్చి బల్లతో సహా అన్నిటి మీదా గులాబీ రంగు శాటిన్ గుడ్డ కప్పేసి, కుచ్చిళ్ళు పెట్టి పిన్నులు గుచ్చేశారు.

"గుడ్డ తీసేయండి, గాలి ఆడదు!" అని హైమ కంగారుపడింది.

పెళ్ళికూతురి మేనమామ అడ్డొచ్చాడు. "తీస్తే ఎట్టాగమ్మాయ్? ఫోటోల్లో ఈ నల్ల డబ్బాలు పడితే దీన్ని పెళ్ళి పందిరంటారా, రిపేరు కొట్టంటారా?" అని, జారిన కుచ్చిళ్ళు తనే సర్ది వెళ్ళాడు.

ఆయన మేనకోడల్ని గంపలో మోసుకొచ్చేదాకా తెర మీద బొమ్మ సాఫీగానే సాగింది. ఆ తర్వాత నత్తి మొదలైంది. ఒళ్ళు కాలిన కార్డు తనను తాను కాపాడుకోవడానికి పని తగ్గించుకుంటోంది. అక్షతలకని ఎత్తిన పురోహితుడి చెయ్యి తెర మీద ఎత్తినట్టే ఉండిపోయింది. వెనక వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. మస్తాన్ మొహంలో నెత్తురు చుక్క లేదు. మంగళసూత్రాల పళ్ళెం అప్పటికే పెద్దల చేతుల మీదుగా వేదిక వైపు తిరిగి వస్తోంది.

హైమ మాస్టారి వైపు చూసింది. ఆయన తాపీగా మజ్జిగ తాగుతున్నారు. తెర తీగను నల్ల కార్డుకు మారిస్తే అందరి ముందూ తన మాట తప్పు అని తనే ఒప్పుకున్నట్టు. మార్చకపోతే మస్తాన్ బతుకు బజారున పడుతుంది. కుచ్చిళ్ళ కింద చెయ్యి పెట్టింది. డబ్బా పెనంలా కాలుతోంది. తీగ పీకి నల్ల కార్డుకు గుచ్చింది.

తెర ఒక్క క్షణం చీకటైంది. పందిరంతా "అయ్యో" అంది. అంతలోనే బొమ్మ వచ్చింది. మూడు ముళ్ళూ చివరి వరసవాళ్ళు కూడా చూశారు. భోజనాలయ్యేదాకా అదే గుడ్డ కింద, తన మొద్దు ఒంట్లోనే వేడిని ఓర్చుకుంటూ, నల్ల కార్డు తడబడకుండా పనిచేసింది.

"బతికించావు చెల్లెమ్మా" అన్నాడు మస్తాన్, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ. హైమకు సిగ్గుతో తల వాలిపోయింది. ముంచబోయిందీ తనే కదా.

మర్నాడు ఏసీ గదిలో రెండు కార్డులనూ మళ్ళీ బల్ల మీద పెట్టుకుంది.

"నా అంకె అబద్ధమైతే కాదు. మరి ఏది గొప్పదంటారు మాస్టారూ?"

మాస్టారు లేచి ఏసీ ఆపేశారు. సంచిలోంచి పందిరివాళ్ళను అడిగి తెచ్చుకున్న గులాబీ రంగు శాటిన్ ముక్క తీసి ఆమె చేతిలో పెట్టారు.

"ముందు ఇది కప్పు. తర్వాత అడుగు" అన్నారు.