సన్యాసి ఒళ్ళు నున్నబడిన కథ

తెలివంటే గవరయ్య ఇంట్లోనే ఉందట. ఈ మాట ఊరు అన్నది కాదు, గవరయ్యే అన్నాడు. "చెప్పింది చెప్పినట్టు చెయ్యడం తెలివి. మధ్యలో సొంతంగా ఆలోచించడం తెలివి చాలనివాళ్ళ పని" అని అరుగు మీద కూర్చుని దారినపోయేవాళ్ళకల్లా చెప్పేవాడు. పక్కనే పెళ్ళాం పైడమ్మ, పెద్దకొడుకు సన్యాసి, చిన్నకొడుకు బోడియ్య తలలూపేవారు. ఒకేసారి ఊపేవారు, ఒకేసారి ఆపేవారు. అంత కట్టుదిట్టమైన తెలివి నేనైతే ఎక్కడా చూడలేదమ్మా.

ఆ ఊళ్ళో గానుగ ఆడించే దాలయ్యకి నూకాలని ఒక్కతే కూతురు. సన్యాసికి నూకాలంటే ప్రాణం. నూకాలుకీ అతని మీద మనసు లేకపోలేదు. మంచివాడు, కష్టపడతాడు, ఎదురు మాట్లాడడు. చిక్కల్లా అతని ఒంటితోనే. మార్గశిరం చలికి తుమ్మబెరడులా బిరుసెక్కింది. గోరుతో గీస్తే ముగ్గుగీత పడేది. మడమల పగుళ్ళలో చింతగింజ దూరేది.

"శుక్రవారానికి ఒళ్ళు నున్నగా చేసుకురా, మా అయ్యతో చెప్పి నిన్నే చేసుకుంటా. లేదంటే శనివారం పొరుగూరి వాళ్ళు నన్ను చూసుకోడానికి వస్తున్నారు, వాళ్ళకే సరేనంటా" అంది నూకాలు. అని ఊరుకోలేదు పాపం, మూడు డబ్బాలు కూడా ఇచ్చింది. ఒంటికి ఒకరోజు కొబ్బరినూనె, ఒకరోజు నువ్వుల నూనె, మడమలకి ఆముదం. "అందరి ఒళ్ళూ ఒక్కలాంటివి కావు. ముందు మోచేతి దగ్గర ఒక్క చుక్క రాసి సాయంత్రందాకా చూడండి. దద్దురు రాకపోతేనే తక్కినదంతా" అని మరీ మరీ చెప్పింది.

సోమవారం పొద్దున్నే చుక్క రాశారు. నలుగురూ మోచెయ్యి చుట్టూ కూర్చుని చూడటం మొదలుపెట్టారు. అంతే! పొయ్యి వెలగలేదు, పేడ తియ్యలేదు. దూడ తాడు తెంపుకుని పాలన్నీ తాగేసింది. పొరుగింటి వీరమ్మ గోడ మీంచి కేకేసింది.

"ఓ పైడమ్మా! కుక్క నీ చద్దికుండ ఎత్తుకుపోతోందే!"

"ఉండొదినా! నేను కుక్కని చూస్తే మోచెయ్యిని ఎవరు చూస్తారు?"

మిట్టమధ్యాహ్నం బోడియ్య ఎగిరి గంతేశాడు. "దద్దురు! నల్లటి దద్దురు!"

"ఈగరా అది" అన్నాడు గవరయ్య.

"ఈగ వాలుతుందని నూకాలు చెప్పిందా? చెప్పనిది ఎలా వాలుతుంది నాన్నా?"

నిజమేగా! ఆలోచించబోయి, ఆలోచించకూడదని గుర్తొచ్చి మానేశారు. ఈగ దానంతటదే ఎగిరిపోయింది. దద్దురు తగ్గిందని నలుగురూ సంతోషపడ్డారు.

మర్నాడు కొబ్బరినూనె డబ్బా తీస్తే, చలికి తెల్లగా గడ్డకట్టి ఉంది. పైడమ్మ గరిటె పెట్టి తవ్వి, సున్నం కొట్టినట్టు సన్యాసికి మెత్తేసింది. కరగదే! బోడియ్య గానుగ దగ్గరికి పరిగెత్తాడు. "గడ్డకట్టిందా? కాసేపు ఎండలో పెట్టండి" అంది నూకాలు. ఆ పిల్ల చెప్పింది డబ్బా గురించి. కానీ వీడు ఇంటికొచ్చేసరికి నూనె డబ్బాలో లేదు, అన్నయ్య మీద ఉంది. ఇంకేముంది, నిచ్చెన వేసి సన్యాసిని పెంకుల మీదకి ఎక్కించి వెల్లకిలా పడుకోబెట్టారు.

కాకులొచ్చాయి. కొబ్బరి కాకికి మాత్రం చేదా? ఒకటి ముక్కుతో పొడిచి రుచి చూసి, చుట్టాలందరినీ పిలిచింది. సన్యాసి "అమ్మో" అంటే, "కదలకురా, వడియాలు కదులుతాయా?" అంది పైడమ్మ కింద నుంచి. ఎండ ముదిరింది, నూనె కరిగింది. సన్యాసి జర్రున జారి పెంటకుప్పలో పడ్డాడు.

"అమ్మా! ఎంత నున్నగా జారానో చూశావా? పనిచేస్తోందే!" అన్నాడు అందులోంచే.

నువ్వుల నూనె అయితే బుధవారమంతా పూశారు, ఆపమని ఎవరూ చెప్పలేదు గనక. గురువారం ఆముదం వంతు. "మడమలకి రాసి, గుడ్డ చుట్టి పడుకో" అని కదా నూకాలు చెప్పింది. గుడ్డ అంది గానీ గుడ్డలు అనలేదు. అంతే, రెండు కాళ్ళూ కలిపి ఒక్క గుడ్డలోనే బిగించారు. సన్యాసి పడుకున్నాడు. శుక్రవారం తెల్లారింది, పొద్దెక్కింది, లేవడు.

"లేవరా, నూకాలు చూస్తూ ఉంటుంది!"

"పడుకోమంది గానీ లేవమనలేదు కదమ్మా" అన్నాడు కళ్ళు మూసుకునే.

కొడుకు తెలివికి తల్లి కళ్ళు చెమర్చాయి. ముగ్గురూ మంచం మూడు కోళ్ళు పట్టుకుని వీధిన పడ్డారు. నాలుగో కోడు నేల మీద గీసుకుంటూ వచ్చింది. కాళ్ళు కట్టేసి, ఒళ్ళంతా నూనెతో మెరుస్తూ, కదలకుండా మనిషి! చూసినవాళ్ళు ఏమనుకుంటారు చెప్పండి? "అయ్యో సన్యాసీ! పెళ్ళికాకుండానే పోయావా నాయనా!" అని వీరమ్మ గుండెలు బాదుకుంటూ వెనక నడిచింది. ఆవిడ వెనక ఊరు నడిచింది. గవరయ్య మురిసిపోయి, "చూశావటే, మనవాడి పెళ్ళికి ఎంతమంది ఏడుస్తున్నారో!" అన్నాడు.

గానుగ ముందు మంచం దింపారు. నూకాలు పరిగెత్తుకొచ్చింది. "సన్యాసీ, లే!" అని అరిచింది. లేవమంది గనక సన్యాసి లేచాడు. ఏడుస్తున్న ఊరు ఏడుపు ఆపి పారిపోయింది.

ప్రాణం కుదుటపడ్డాక నూకాలు అతని చెయ్యి పట్టుకోబోయింది. జారింది. మళ్ళీ పట్టుకుంది, మళ్ళీ జారింది. "రాయమన్నది చెంచాడు గదయ్యా! ఈ నూనె అంతా తీసేసుకు రా, అప్పుడు చూస్తాను" అని సున్నిపిండి తేవడానికి ఇంట్లోకి వెళ్ళింది.

నూనె తీసేది ఎక్కడ? గానుగలో! ఈమాత్రం తెలియనివాళ్ళా వాళ్ళు? ఆ పిల్ల పిండి తెచ్చేసరికి సన్యాసి గానుగ రోట్లో నడుందాకా కూర్చుని ఉన్నాడు. పైడమ్మ కింద కుండ పట్టుకుంది. గవరయ్య, బోడియ్య ఎద్దుని "హై! హై!" అని అదిలిస్తున్నారు. ఎద్దు మాత్రం మనిషిని చూసి అడుగు వెయ్యలేదు.

"తొందరగా తోలండి నాన్నా, దాలయ్య మావ వచ్చేస్తాడు!" అంటున్నాడు సన్యాసి రోట్లోంచి.

నూకాలు సున్నిపిండి నేలకేసి కొట్టింది. "నీకంటే మా ఎద్దు నయం! దానికి బుద్ధికి బుద్ధి ఉంది, నునుపుకి నునుపు ఉంది. రేపు పొరుగూరి వాళ్ళకే సరేనంటా, పో!" అంది. లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. తలుపు వెనక ఏడ్చిందని కూడా అంటారు, పాపం.

మరొకరైతే తలదించుకుని ఇంటికి పోదురు. గవరయ్య పోలేదు. కండువా సర్దుకుని ఎద్దు ముందు నిలబడి చేతులు జోడించాడు. "అయ్యా, ఆ పిల్ల తమరే నయమంది. తమరు ఒంటికి ఏం నూనె రాస్తారు?"

ఎద్దు ఆయన్ని ఎగాదిగా చూసింది. మెడ వెనక్కి తిప్పి తన భుజం తనే ఒక్కసారి నాకింది.

"అదీ సంగతి!" అన్నాడు గవరయ్య.

శనివారం పొద్దున పొరుగూరి పెళ్ళివారి బండి ఊళ్ళోకి వచ్చి ఆగిపోయింది. దారికి అడ్డంగా నలుగురు మనుషులు మెడలు వెనక్కి విరిచి, నాలుకలు బారెడు చాపి, ఎవరి భుజం వాళ్ళు అందుకోవాలని గుండ్రంగా తిరుగుతున్నారు.

"ఏమయ్యా, దారివ్వండి! పిల్లని చూసుకోవాలి" అన్నాడు బండివాడు.

గవరయ్య నాలుక లోపలికి తీసుకుని, "వెనక్కి తిప్పుకోండి బాబూ, అనవసరంగా వచ్చారు. మావాడికి ఇంకో జానెడు అందితే చాలు, పెళ్ళి మాదే" అని చెప్పి మళ్ళీ చాపాడు.